పాఠశాలలలో అంతర్జాతీయ విద్య – ప్రాంతీయ సభ నేర్పఱచు విధము

నానాదేశముల బాలబాలికలు ఒకరినొకరు ఎఱిగి, ఒకరివలన నొకరు నేర్చుకొనుటకు తగిన విద్యను మన పాఠశాలలలో నెట్లు నెలకొల్పవలెనను ప్రశ్న చిరకాలముగా మా మనస్సున నున్నది. ఏ పాఠశాలకు ఆ పాఠశాల విడివిడిగా పాటుపడుటకంటె, చుట్టుపట్ల నున్న కొన్ని పాఠశాలలు కలిసి యొక ప్రాంతీయ సభ జరుపుకొనిన మేలగునని మాకు తోచినది. అట్టి సభ యేల కావలెను, ఎవరి కొఱకు కావలెను, దానిని సిద్ధపఱచుటకు ఏయే పనులు ఏ క్రమమున చేయవలెను అను విషయములను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మాతోడి యుపాధ్యాయులకును సులభముగా బోధపడునట్లు ఇచ్చట వ్రాయుచున్నాము.

అంతర్జాతీయ విద్య యనగా నేమి?

ఈ మాట వినగనే పెద్ద భవనములును, హెచ్చు జీతములును, గుమ్మముపై 'ఇంటర్నేషనల్' అని వ్రాసిన పలకయు పలువురకు జ్ఞప్తికి వచ్చును. పలకపై పేరున్నంత మాత్రమున విద్య అంతర్జాతీయము గాదు. ఇంగ్లీషు ధారాళముగా మాటలాడుటయే అంతర్జాతీయ విద్య యనుకొనుటయు పొరబాటే. ఇంగ్లీషు మంచి సాధనమే; కాని పలుగు చేత నున్నవాడెల్ల బావి త్రవ్వినవాడు గాడు. ఇక విదేశయాత్ర యన్ననో, అది నూటికి తొంబదిమందికి అందనిది. అందినవారును కొన్ని కట్టడములను చూచి, ఛాయాచిత్రములు తీయించుకొని వచ్చుటయే తఱచు.

మా యభిప్రాయమున అంతర్జాతీయ విద్య కీ మూడు లక్షణము లుండవలెను. మొదటిది, ఒక దేశపు విద్యార్థి మఱియొక దేశపు విద్యార్థిని తనతో సమానునిగా నెంచవలెను. రెండవది, ఇరువురును కలిసి యేదేని యొక పని చేయవలెను. మూడవది, ఆ పనివలన ఇరువురకును లోగడ తెలియని సంగతి యొకటి తెలియవలెను. ఈ మూటిలో నేదియు ధనముతో కొనదగినది గాదు. అందుచేతనే ఇది బీదపాఠశాలకును సాధ్యమని చెప్ప సాహసించుచున్నాము.

పూర్వులు చేసిన ప్రయత్నములు

ఈ తలంపు క్రొత్తది గాదు. 1592లో మొరావియా దేశమున పుట్టిన కొమీనియసు అను విద్యావేత్త, ముప్పదియేండ్ల యుద్ధమువలన స్వదేశమును విడిచి పరదేశములలో తిరుగవలసినవాడయ్యెను. అంతటి బాధలు పడినవాడైనను, సర్వజనులకును సర్వవిషయములను బోధింపవలెననియు, చదువువలననే జాతులమధ్య శాంతి కుదురుననియు వాదించెను. 1658లో ఆయన ప్రకటించిన బొమ్మల పాఠ్యపుస్తకము యూరపుఖండమున అనేక భాషలలోనికి పరివర్తన మొందినది.

1817లో జూలియెన్ అను ఫ్రెంచివాడు మఱియొక యుక్తి చెప్పెను. దేశదేశముల పాఠశాలలకు ఒకే ప్రశ్నల పట్టికను పంపి, వచ్చిన యుత్తరములను ప్రక్క ప్రక్కన వ్రాసి పోల్చిచూచినచో, ఎవరియొద్ద ఏ మంచి పద్ధతి యున్నదో తెలియునని ఆయన తలంపు. ఈ యుక్తిని మన సభకు కూడ నుపయోగింపవచ్చును. దానిని గుఱించి ముందు చెప్పుదుము.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట జెనీవా పట్టణమున నానాజాతిసమితి నెలకొన్నది. అచ్చట పనిచేయు పలుదేశముల యుద్యోగుల పిల్లలకై 1924లో ఒక అంతర్జాతీయ పాఠశాల స్థాపింపబడెను. మఱుసటి సంవత్సరము, అనగా 1925లో, ఆ పట్టణముననే అంతర్జాతీయ విద్యాకార్యాలయము వెలసెను. బాలుర బుద్ధివికాసమును పరిశోధించి ప్రసిద్ధికెక్కిన పియాజే పండితుడు 1929 మొదలు 1967 వఱకు దానికి అధ్యక్షుడుగా నుండెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము 1945లో లండను నగరమున యునెస్కో సంస్థయొక్క నిబంధనావళిపై సంతకములు జరిగినవి. యుద్ధమునకు మూలము మనుష్యుల మనస్సులోనే యున్నది గనుక శాంతికిని అచ్చటనే పునాది వేయవలెనని ఆ సంస్థయొక్క మూలసిద్ధాంతము. 1953లో ఆ సంస్థ 15 దేశములలోని 33 పాఠశాలలను ఒక కూటముగా చేర్చి, అంతర్జాతీయ విద్యను తరగతిలో నెట్లు బోధింపవచ్చునో పరీక్షించి చూడుమని కోరెను. నేడు ఆ కూటమున పదివేలకు మించిన విద్యాలయములు కలవు. మన దేశమున అందు చేరగోరు పాఠశాలలు యునెస్కోతో సహకరించుటకై ఏర్పడిన భారత జాతీయసంఘము ద్వారా దరఖాస్తు పెట్టుకొనవలెను. ఇదే విషయమై 1974లో యునెస్కో సభ్యదేశములు ఆమోదించిన సిఫారసు 2023లో సవరింపబడి, క్రొత్తరూపమున మరల అంగీకరింపబడినది.

మన తెలుగుదేశమున

పరదేశమువారి విద్యతోడి సంపర్కము మన యొద్ద చాల కాలముక్రిందటనే యారంభమైనది. 1842లో హయ్యరు దొర అమెరికానుండి గుంటూరునకు వచ్చి పాఠశాలలు పెట్టెను. 1843లో రాబర్టు నోబిలు దొర బందరున నొక పాఠశాలను స్థాపించెను. మిషను పాఠశాలలవలన తెలుగు బాలురకు భూగోళమును, గణితమును, పాశ్చాత్యశాస్త్రములును తెలిసిన మాట నిజము. బాలికలకును, చదువునకు దూరముగా నుంచబడిన జాతులవారికిని తలుపులు తెఱచినవానిలో ఇవి ముఖ్యమైనవి.

అయినను ఒక లోపమును దాచరాదు. ఆ కాలమున విద్య చాలవఱకు ఒక్క దిక్కునుండియే ప్రవహించినది. బందరు బాలుడు థేమ్సునదిని గుఱించి వల్లించెను. లండను బాలునకు కృష్ణానదిని గుఱించి చెప్పినవారు మిక్కిలి తక్కువ. ఒకడు ఇచ్చువాడును, ఒకడు పుచ్చుకొనువాడును అయినప్పుడు సమానత్వము కుదురదు. మిషను పాఠశాలలవారమైన మేమే ఈ మాట చెప్పుట న్యాయమని తలంచుచున్నాము.

ఇచ్చిపుచ్చుకొనుటకు చక్కని నిదర్శన మొకటి మన ప్రాంతముననే కలదు. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు మదనపల్లెలోని బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్ని దినములు విశ్రమించిరి. వారు పాడిన జనగణమన గీతమును విని అచ్చటి విద్యార్థులు ఆనందించిరి. ఐర్లండు దేశస్థురాలగు మార్గరెట్ కజిన్సుగారు ఆ గీతమునకు స్వరములు వ్రాసికొనిరి. ఠాకూరుగారు అచ్చటనే ఆ గీతమును ఇంగ్లీషులోనికి మార్చిరి. వంగదేశపు కవి, ఐరిషు విదుషీమణి, తెలుగుసీమ విద్యార్థులు – మువ్వురును కలిసిన చోట ఎవరును కేవలము గ్రహీతలుగా నుండలేదు. మేము కోరునది ఇట్టి కలయికయే.

ఇద్దఱు కలిసినగాని కాని పాఠము

కలిసి పనిచేయుట యనగా నెట్టిదో ఒక యుదాహరణముచేత చూపుదుము. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున ఎరటోస్తనీసు అను పండితుడు ఈజిప్టుదేశమున రెండు పట్టణములలోని మధ్యాహ్నపు నీడలను పోల్చి భూమి చుట్టుకొలతను లెక్కకట్టెను. ఈ పని మనమును చేయవచ్చును.

నెల్లూరు పటమున సుమారు 80 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్నది. శ్రీలంకలోని కొలంబో పట్టణమును ఇంచుమించుగా అదే రేఖాంశముపై నున్నది. నెల్లూరు అక్షాంశము సుమారు 14½ డిగ్రీలు. కొలంబోది సుమారు 7 డిగ్రీలు. సెప్టెంబరు 23వ తేదీ ప్రాంతమున పగలును రాత్రియు సమానముగా నుండు దినమున, రెండు పట్టణముల పాఠశాలలవారును ఒక మీటరు పొడవు గల కఱ్ఱను నిలువుగా పాతవలెను. నిలువు సరిగా నున్నదో లేదో తాపీపనివారి తూకపుగుండుతో చూచుకొనవలెను. మధ్యాహ్నము పదునొకండు ముప్పావు మొదలు పండ్రెండున్నర వఱకు రెండేసి నిమిషముల కొకసారి నీడ కొన గుర్తింపవలెను. అన్నిటికంటె కుఱచయైన నీడయే కావలసినది. ఆ దినమున నెల్లూరున నీడ ఇంచుమించు 26 సెంటీమీటర్లును, కొలంబోలో 12 సెంటీమీటర్లును ఉండును.

కఱ్ఱను, నీడను కాగితముపై చిన్న కొలతలో గీచి, కోణమానినితో సూర్యకిరణము కఱ్ఱతో చేయు కోణమును కొలువవలెను. రెండు కోణముల భేదము సుమారు 7½ డిగ్రీలు వచ్చును. పూర్తి వృత్తమునకు 360 డిగ్రీలు గనుక అది వృత్తములో 48వ భాగము. రెండు పట్టణముల నడుమ దూరము సుమారు 830 కిలోమీటర్లు. 830ని 48చే హెచ్చించిన 39,840 వచ్చును. ధ్రువములమీదుగా భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లకు కొంచెము మించును. ఇట్టి సామాన్య పరికరములతోనే ఇంత దగ్గఱగా రావచ్చును.

ఇందు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. నెల్లూరి విద్యార్థి యెంత తెలివిగలవాడైనను ఒక్క నీడతో ఈ లెక్క చేయజాలడు. కొలంబో విద్యార్థియు నట్లే. ఒకరి కొలత మఱియొకరికి కావలెను. అంతేకాదు, ఇరువురును ఒకే దినమున కొలువవలెను. ఆ దినములలో సూర్యుని స్థానము రోజునకు సుమారు 0.4 డిగ్రీ చొప్పున మాఱుచుండును. ఒకరు నేడును, ఒకరు రేపును కొలిచినచో కోణభేదమున ఆమాత్రము తప్పు చేరి, భూమి చుట్టుకొలత సుమారు 2,000 కిలోమీటర్లు తప్పిపోవును. కావున మాట నిలుపుకొనుట, వేళ తప్పకుండుట, కొలిచిన దానిని కొలిచినట్లే వ్రాయుట అను గుణములు ఈ పాఠమున నీతివాక్యములు గావు, లెక్కలో భాగములు.

నెల్లూరునకు దూరముననున్న పాఠశాలలవారు ఉత్తరదక్షిణముల దూరమును మాత్రమే పటమున కొలిచికొని ఈ పనియే చేయవచ్చును. నీటియుప్పదనము, వానకొలత, పక్షుల రాకపోకలు, ఊరి సంతలోని ధరలు, అవ్వలు చెప్పు కథలు – ఇట్లు కలిసి చేయదగిన పాఠములు పెక్కులు కలవు.

సభ యేల? ఎవరి కొఱకు?

ఇట్టి పనికి పరదేశమున నొక పాఠశాల తోడు కావలెను; ఉపాధ్యాయునకు కొంత యలవాటు కావలెను; తలిదండ్రులకు నమ్మకము కుదురవలెను. ఒక పాఠశాల యొంటరిగా నారంభించినచో, ఆ యుపాధ్యాయుడు బదిలీ కాగానే పని నిలిచిపోవును. ఇరువది పాఠశాలలు కలిసి చేసినచో ఒకచోట దీప మాఱినను మఱియొకచోటినుండి వెలిగించుకొనవచ్చును. ప్రాంతీయసభకు ముఖ్యప్రయోజన మిదియే.

ఇచ్చట మా యనుభవ మొకటి చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట మేమొక విద్యాసభకు పోయితిమి. బాలికలు ఉదయము ఎనిమిది గంటలనుండి పూలపళ్లెములతో గుమ్మముచెంత ఎండలో నిలిచిరి. అతిథులు పదిన్నరకు వచ్చిరి. తరువాత మూడు గంటలకాలము ఉపన్యాసములు జరిగినవి. అన్నియు బాలల భవిష్యత్తును గుఱించియే. ఒక జిల్లాపరిషత్తు పాఠశాలనుండి వచ్చిన బాలిక తాను వ్రాసికొనిన కాగితమును చదువుటకై వేదికప్రక్కన వేచియుండెను. చివరకు సమయము లేదని చెప్పిరి. ఆమె ఆ కాగితమును మడిచి పుస్తకమున బెట్టుకొని తన చోటికి పోయి కూర్చుండెను. అం దేమున్నదని ఎవ్వరు నడుగలేదు, మేమును అడుగలేదు. ఆ సంగతి ఇప్పటికిని మమ్ము బాధించుచున్నది.

కనుక సభ యెవరి కొఱకో మొదటనే నిశ్చయించుకొనవలెను. హెచ్చు జీతములు పుచ్చుకొను పాఠశాలల పిల్లలకు అంతర్జాలము, విదేశబంధువులు, ప్రయాణములు ముందే కలవు. ఏమియు లేనివారికి ఈ సభయే మొదటి ద్వారము. ఆ ద్వారము వారికి మూయబడినచో, అంతర్జాతీయ విద్య యను పేర మనము ఊరిలోనే రెండు జాతులను సృష్టించినవార మగుదుము. అందుచే ఈ నియమములను ముందుగా పెట్టుకొనవలెనని మా మనవి.

మొదటిది, పిలువబడు పాఠశాలలలో సగమైనను ప్రభుత్వ, జిల్లాపరిషత్తు పాఠశాలలై యుండవలెను. రెండవది, వచ్చు విద్యార్థులలో సగముమంది బాలికలై యుండవలెను. మూడవది, విద్యార్థులయొద్ద ప్రవేశరుసుము పుచ్చుకొనరాదు. నాల్గవది, తెలుగున మాటలాడుటకు ఎవ్వరును సిగ్గుపడవలసిన యవసర ముండరాదు. ఉర్దూ మాటలాడు పిల్లలకును అట్లే. ఐదవది, పూలదండలకును, శాలువలకును, స్వాగతపంక్తులకును ఈ సభలో చోటు లేదు.

సిద్ధపఱచు క్రమము

పెద్దపని చిన్నపనులుగా విడదీసికొనినగాని సాగదు. నెల్లూరు మొదలు శ్రీకాకుళము వఱకు గల తీరప్రాంతపు పాఠశాలలకు ఏ నెలలు అనుకూలమో ముందు చూతము. మార్చి, ఏప్రిలులలో పరీక్షలు. మే నెలలో ఎండలు, సెలవులు. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు తుపానుల భయము కలదు. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్ద లింకను మఱవలేదు. కావున సంక్రాంతి సెలవులు గడచిన పిమ్మట, జనవరి చివరివారమున సభ జరుపుట మేలు. పదవతరగతివారికి అప్పుడు చదువు తొందర గనుక ఎనిమిది, తొమ్మిది తరగతులవారిని పంపవలెను.

జూను నెలలో బడులు తెఱవగానే ఐదుగురితో నొక సంఘమును ఏర్పఱచుకొనవలెను. అందు ఒక ప్రధానోపాధ్యాయుడు, ఇద్దఱు ఉపాధ్యాయులు, ఒక తల్లి లేక తండ్రి, ఒక విద్యార్థి యుండిన చాలును. సంఘము పెద్దదైన కొలది పని చిన్నదగును. విద్యాశాఖవారి యనుమతికై దరఖాస్తు ఈ నెలలోనే పెట్టవలెను.

జూలైలో జూలియెనుగారి యుక్తి ననుసరించి, ఇరువది పాఠశాలలకు ఒక్క పుటకు మించని ప్రశ్నల పట్టికను పంపవలెను. మీ పాఠశాలలో ఏయే భాషలు మాటలాడు పిల్లలున్నారు? పరదేశముననున్న పూర్వవిద్యార్థు లెవరైన కలరా? అంతర్జాల సౌకర్య మున్నదా? భూగోళపటము లెన్ని? మీరు ఇతరులకు నేర్పగల విషయ మొకటి యేది? ఈ చివరి ప్రశ్నకు జవాబు వ్రాయకుండ ఏ పాఠశాలయు పట్టికను తిరిగి పంపరాదు. ప్రతివారియొద్దను ఇచ్చుటకు ఏదో యొకటి యుండునని మా నమ్మకము. మగ్గము, ఉప్పుమడి, చేపలరేవు, కొయ్యబొమ్మల కొలిమి – ఇవియన్నియు పాఠములే.

ఆగస్టులో పరదేశపు తోడు పాఠశాలలను వెదకవలెను. ఇందుకు మన తెలుగువారే సహాయము కాగలరు. 19వ శతాబ్దమున కోరంగి రేవునుండి ఓడలెక్కి చెఱకుతోటల పనికై మారిషసునకు పోయిన మనవారి సంతతివారు నేటికిని అచ్చట కలరు. ఆ రేవు పేరనే వారిని కోరంగీలని పిలిచెడివారు. ఆ ద్వీపపు పాఠశాలలలో నేటికిని తెలుగు బోధింపబడుచున్నది. మారిషసు బాలునకు కోరంగి యెట్లున్నదో చూడవలెనని యుండును. కాకినాడ బాలునకు చెఱకుతోటల ద్వీప మెట్లున్నదో తెలిసికొనవలెనని యుండును. స్నేహమునకు ఇంతకంటె మంచి నెపము కావలెనా?

ఉత్తరములన్నియు పాఠశాల చిరునామాతోనే పోవలెను, పాఠశాల చిరునామాకే రావలెను. పిల్లల యింటి చిరునామాలు, ఫోను సంఖ్యలు పరులకు ఈయరాదు. ప్రతి యుత్తరమును ఉపాధ్యాయు డొకమారు చూచి పంపవలెను. తలిదండ్రులు నిశ్చింతగా నుండవలెనన్న ఈ కట్టుబాటు తప్పదు.

సెప్టెంబరులో నీడల పాఠము. సెలవుదినములు ఒక్కొక్క దేశమున నొక్కొక్క విధముగా నుండును. శ్రీలంకలో ప్రతి పౌర్ణమియు సెలవు. కావున తేదీని ముందుగా అడిగి తెలిసికొనవలెను. మబ్బు పట్టినచో ఇరువురును కలిసియే మఱియొక దినమును నిర్ణయించుకొనవలెను.

అక్టోబరు, నవంబరులలో ప్రయాణములు పెట్టుకొనక, చేసిన పనిని వ్రాసికొనుట మంచిది. డిసెంబరులో బస, భోజనము, లెక్కలు చూచుకొనవలెను.

ఖర్చును గుఱించి

ఇరువది పాఠశాలలనుండి ఇద్దఱేసి విద్యార్థులు, ఒక్కొక్క యుపాధ్యాయుడు వచ్చినచో 60 మంది యగుదురు. సభ జరుగు పాఠశాలలోని కార్యకర్తలు 20 మందిని కలిపిన 80. గురువారము సాయంకాలము వచ్చి శనివారము మధ్యాహ్న భోజనానంతరము పోవుదురనుకొందము. నాలుగు భోజనములు, రెండు ఫలహారములు. అనగా 320 భోజనములు, 160 ఫలహారములు. ఊరి ధరలనుబట్టి లెక్క వేయుట విద్యార్థులకే యప్పగింపవచ్చును. గణితపాఠమున ఇంతకంటె నిజమైన లెక్క దొరకదు. అన్నము, పప్పు, కూర, పచ్చడి, మజ్జిగ చాలును.

రెండవ పెద్దఖర్చు ప్రయాణము. ఉన్న సొమ్ము చాలనిచో, మిక్కిలి దూరమునుండి వచ్చు బీదపాఠశాలవారికి మొదట ఈయవలెను. దగ్గఱివారు చివర పుచ్చుకొనవలెను. బాలికల వెంట ఉపాధ్యాయిని రావలెను. మొత్తములో పదియవవంతు అనుకోని యవసరములకై తీసియుంచవలెను. సభ ముగిసిన పక్షము దినములలో జమాఖర్చు పట్టికను అన్ని పాఠశాలలకును పంపవలెను. చందా యిచ్చినవారి పేర్లు ఆ పట్టికలో నుండిన చాలును, వేదికపై నక్కఱలేదు.

సభ జరుగు రెండు దినములు

శుక్రవారము తొమ్మిది గంటలకు సభ యారంభము కావలెను. అధ్యక్షోపన్యాసము ఇరువది నిమిషములకు మించరాదు. తరువాత ఒక్కొక్క పాఠశాలకు పది నిమిషములు. ఏడు నిమిషములు చెప్పుటకు, మూడు నిమిషములు ప్రశ్నలకు. ఇరువది పాఠశాలలకు 200 నిమిషములు, అనగా మూడు గంటల ఇరువది నిమిషములు పట్టును. ఉదయము పది పాఠశాలలు, మధ్యాహ్నము పది. మాటలాడువారు విద్యార్థులే. గంట కొట్టుటకు కూర్చుండువాడును విద్యార్థియే. ఆ గంట పెద్దలకును వర్తించును.

పదునొకండున్నరకు పరదేశపు పాఠశాలతో దృశ్యసంభాషణ పెట్టుకొనవచ్చును. మారిషసు గడియారము మనకంటె గంటన్నర వెనుక. మనకు పదునొకండున్నర యైనప్పుడు వారికి పది గంటలు. జపానుగడియారము మూడున్నర గంటలు ముందు. వారికప్పుడు మూడు గంటలు, బడి విడుచు సమయము. అమెరికావారికి అర్ధరాత్రి, కావున వారితో ఉత్తరములే మేలు. మనకు శనివారము బడి యున్నను పెక్కుదేశములవారికి లేదు. శుక్రవారమును ఎన్నుకొనుటకు కారణ మిదియే. విద్యుచ్ఛక్తి పోయినచో ఏమి చేయవలెనో ముందే యోచించి, వారు వ్రాసి పంపిన యుత్తరములను చేత నుంచుకొనవలెను.

శనివారము ఉదయము పదుగురేసి చొప్పున చిన్నకూటములుగా కూర్చుండి, వచ్చు సంవత్సరము చేయదగిన పనిని నిర్ణయింపవలెను. ఒక్కొక్క కూటమున పలు పాఠశాలలవారు కలిసి యుండవలెను. చివరకు తీర్మానములు. ఇవి నాలుగైదు మాత్రమే యుండవలెను. ప్రతిదానికిని చేయువారి పేరును, చేయవలసిన నెలయు వ్రాయవలెను. ఎవరు, ఎప్పుడు అను రెండును లేని తీర్మానము తీర్మానము గాదు.

సభ ముగిసిన పిమ్మట

సభ బాగుగా జరిగినదో లేదో ఆ సాయంకాలము తెలియదు. మఱుసటి డిసెంబరున ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇరువది పాఠశాలలలో ఎన్నిటియందు పరదేశపు పాఠశాలతో పని సాగుచున్నది? అందు ప్రభుత్వపాఠశాల లెన్ని? మనము వారికి నేర్పిన దేమి, వారివలన నేర్చిన దేమి? పది పాఠశాలలలోనైనను పని జరుగుచున్న యెడల సభ ఫలించిన దనుకొనవచ్చును. మిగిలిన పదింటికి ఏమి యడ్డు వచ్చినదో పోయి కనుగొనుట రెండవయేటి పని.

తలిదండ్రులారా, పరదేశమువారితో స్నేహము చేసిన పిల్లలు మన భాషను, మన వాడుకలను మఱచిపోవుదురని మీకు భయము కలుగవచ్చును. మేము చూచినంతవఱకు, ఇతరుడు నీ ఊరేమి, నీ పండుగ యేమి అని యడిగినప్పుడే పిల్లవాడు ఇంటికి వచ్చి తాతను అడుగును. జవాబు చెప్పవలసినవాడు తెలిసికొనక తప్పదు. కనుక వారు అడుగునప్పుడు విసుగుకొనక చెప్పుడు.

ప్రియ విద్యార్థులారా, ఈ సభకు పెద్దలు తేదీ నిర్ణయించువఱకు మీరు ఊరకుండనక్కఱలేదు. ఒక మీటరు కఱ్ఱయు, ఒక తూకపుగుండును సంపాదించుకొని మీ బడి యావరణమున నేడే నీడను కొలువ మొదలిడుడు. కొలతను తేదీతో, గంటతో పుస్తకమున వ్రాసియుంచుడు. తోడు దొరికిననాడు మీ భాగము సిద్ధముగా నుండును. మీరు చెప్పదలచినదానిని కాగితముపై వ్రాసికొని రండు. ఈ మాఱు ఆ కాగితమును చదివించుకొని వినుట మా పని.